ఆ ఇల్లు ఎవరి నేల మీద?

ఇనప మేకులు లేకుండా తలుపు చేయడం ఎలాగో లారా ఇంగల్స్ వైల్డర్ ఎంత ఓపికగా చెబుతుందంటే, చదివిన పిల్లవాడు లేచి వెళ్లి ఉలి, సుత్తి వెతుక్కోవాలనిపిస్తుంది. నాన్న చెక్క సీలలు చెక్కుతాడు, గడియ అమరుస్తాడు, దాన్ని బయటి నుంచి ఎత్తడానికి తోలు తాడు కడతాడు. బావి తవ్వకం, చలిజ్వరం, గడ్డి మైదానాన్ని కమ్ముకొచ్చే మంటలు, అన్నీ అంతే. పనిని ఇంత ఇష్టంగా రాసిన పిల్లల నవలలు తక్కువ. 1935లో అచ్చయిన ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’ ఇప్పటికీ పిల్లల చేతుల్లో ఉండటానికి కారణం ఇదే. దానిమీద వచ్చిన విమర్శలు చాలావరకు న్యాయమైనవే. అయినా ఈ బలాన్ని ఒప్పుకోకుండా మొదలయ్యే విమర్శను నేను నమ్మను.

ఇంతకీ ఆ ఇల్లు ఎక్కడ కట్టారు? కాన్సస్‌లో, ఇండిపెండెన్స్ పట్టణానికి దగ్గర్లో. 1869 నుంచి 1871 దాకా ఇంగల్స్ కుటుంబం అక్కడ ఉంది. అప్పటికి ఆ భూమి ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవారిదే. అయిదేళ్లు సాగు చేసినవాడికి 160 ఎకరాలు రాసిచ్చే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఆ నేలకు వర్తించదు. నాన్న చార్లెస్ చేసింది మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఆక్రమణ. 1867లో పుట్టిన లారాకు అప్పుడు రెండు మూడేళ్లు. నవలలో ఆమె వయసు పెరిగింది, ఊరికీ ఇంటికీ మధ్య దూరం కూడా పెరిగి 40 మైళ్లయింది. నిజానికి అది 13 మైళ్ల దరిదాపుల్లోనే. ఇంటివాళ్లు చెప్పుకున్న కథల మీద కట్టుకున్న కల్పన ఇది, డైరీ కాదు.

నవలలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఖాళీ విడిది ఘట్టం. ఒసేజ్‌లు విడిచి వెళ్లిన చోటికి నాన్న ఆడపిల్లలిద్దరినీ తీసుకెళతాడు. బూడిద, గుంజలు పాతిన గుంతలు చూపిస్తాడు. పిల్లలు మట్టిలో రంగురంగుల పూసలు ఏరుకుంటారు. చదువుతుంటే పండగలా ఉంటుంది. కానీ ఒసేజ్‌లు ఏటా అడవిదున్నల వేటకు పడమటికి వెళ్లి మళ్లీ వచ్చేవారు. వారు లేని రోజుల్లో వచ్చినవాడికి ఊరు కూడా పోరంబోకులాగే కనిపిస్తుంది. ఆ సంగతి నవల చెప్పదు. కాకపోతే చిన్న లారా మాత్రం అడుగుతుంది: ఇది ఇండియన్ల దేశమే అయితే, వాళ్లంటే ఇష్టం లేకుండా మనం ఇక్కడికెందుకు వచ్చాం? అమ్మ మాట దాటేస్తుంది. ఇంకోసారి అలాంటిదే అడిగితే నాన్న ఇక ప్రశ్నలు చాలు, పడుకోమంటాడు. జవాబు రాయకపోయినా, ప్రశ్నను చెరిపేయకుండా ఉంచినందుకు రచయిత్రిని మెచ్చుకోవాలి.

మొదటి ముద్రణలో ఆ ప్రాంతంలో మనుషులే లేరని, ఇండియన్లు మాత్రమే ఉన్నారని అర్థమిచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకురాలు ప్రచురణకర్తకు ఉత్తరం రాశాక, లారా ఒప్పుకొని 1953 ముద్రణలో ‘మనుషులు’ తీసేసి ‘సెటిలర్లు’ అని మార్పించింది. 2018లో అమెరికా బాలల లైబ్రేరియన్ల సంఘం తన పురస్కారం నుంచి ఆమె పేరు తొలగించింది. పుస్తకాలు చదవొద్దని మాత్రం అనలేదు. రెండూ సబబే. అయితే చిక్కు ఒక మాటలోనో పురస్కారం పేరులోనో లేదు.

చిక్కంతా ‘అన్నీ మా చేతులతోనే’ అన్న కథలో ఉంది. నవల చివర సైన్యం వచ్చి వెళ్లగొడుతుందన్న కబురు విని, ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ నాన్న బండి కడతాడు. నిజంగా జరిగింది తలకిందులు. 1870లో ప్రభుత్వం ఒసేజ్‌లనే పంపేసి, ఆ భూమిని సెటిలర్లకు ఎకరం డాలరుంపావుకు అమ్మడానికి పూనుకుంది. ఇంగల్స్ కుటుంబం తిరిగి వెళ్లింది విస్కాన్సిన్‌లో వీరి పొలం కొన్నవాడు డబ్బు కట్టలేకపోయినందుకు. తరువాతి పుస్తకాల్లో చూపు పోయిన అక్క మేరీని అంధుల కళాశాలకు పంపడానికి ఇల్లంతా పైసా పైసా కూడబెడుతుంది. ఆమె చదువు ఫీజు భరించింది డకోటా టెరిటరీ ప్రభుత్వమని ఆ పేజీల్లో ఉండదు. రాతప్రతులను దిద్ది తీర్చిన లారా కూతురు రోజ్ వైల్డర్ లేన్, రూజ్‌వెల్ట్ ప్రభుత్వ సాయ పథకాలైన న్యూ డీల్‌కు బద్ధ వ్యతిరేకి. ఈ మౌనాలన్నీ యాదృచ్ఛికమని నేననుకోను.

అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో పిల్లలు లైబ్రరీ నుంచి ఈ పుస్తకాలు తెచ్చుకుంటే తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది: కష్టపడే కుటుంబం, మాట వినే పిల్లలు. సర్కారు కాలేజీలో నామమాత్రపు ఫీజుతో చదువుకుని విమానమెక్కినవారు కూడా సొంత కష్టం తప్ప వేరే చేయూత లేదని చెప్పుకోవడం వింటూనే ఉన్నాం. చార్లెస్ ఇంగల్స్ వాళ్లకు అంత సులువుగా నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

పుస్తకం దాచేయడం వల్ల లాభం లేదు. దాని పక్కన లూయిస్ ఎర్‌డ్రిచ్ రాసిన ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ (1999) పెట్టాలి. 1847లో సుపీరియర్ సరస్సులోని దీవిలో ఉండే ఒజిబ్వే తెగ బాలిక ఒమకాయస్ కథ అది. అక్కడా ఇల్లు కట్టడం ఉంది, భూర్జ చెట్టు బెరడుతో. చలికాలం ఉంది, ఆ చలికాలంలో బయటి నుంచి వచ్చిన మశూచి కూడా ఉంది. ఎర్‌డ్రిచ్ స్వయంగా ఒజిబ్వే సంతతి రచయిత్రి, పనుల వర్ణనలో లారాకు ఏమాత్రం తీసిపోదు. దీని తరువాతి నవల ‘ద గేమ్ ఆఫ్ సైలెన్స్’లో ఒమకాయస్ వాళ్లను దీవి ఖాళీ చేసి పొమ్మంటారు. లారా అడిగిన ప్రశ్నకు ఇంటిపెద్దలు చెప్పని జవాబులో సగం అక్కడ దొరుకుతుంది.