అప్‌డేట్ అయింది.. ఇంట్లో కంప్యూటర్ల మధ్య మాటలు బంద్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొంతమంది కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. కొంతమంది ఉన్న మెషీన్‌నే విండోస్ 11కు ఎక్కించారు. అప్‌డేట్ సాఫీగానే అయింది. స్క్రీన్ కొత్తగా కనిపిస్తోంది, వైఫై కలుస్తోంది, యూట్యూబ్ ఆగకుండా ఆడుతోంది. కానీ పై అంతస్తులోని ల్యాప్‌టాప్ నుంచి కింద గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఫొటోల ఫోల్డర్ తెరవబోతే తెరుచుకోదు. నిన్నటిదాకా రెండు క్లిక్కులతో తెరుచుకున్న ఫోల్డరే అది.

ఇక్కడ లొల్లి మొదలవుతుంది. ముందు కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ పోతుంది. అతను వచ్చి రూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, స్పీడ్ చూపించి వెళ్లిపోతాడు. తర్వాత రూటర్ పాతదైపోయిందని కొత్తది కొంటారు. రెండు వేలు పోయినా ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. ఎందుకంటే ఇంటర్నెట్ రావడం వేరు, ఇంట్లోని మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వేరు. మొదటిది ఆపరేటర్ పని. రెండోది పూర్తిగా ఇంటి లోపలి వ్యవహారం. అందులో నియమాలను మార్చింది విండోసే.

కొన్నిచోట్ల స్క్రీన్ మీద వచ్చే మెసేజ్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని 'మీ సంస్థ భద్రతా విధానాలు' అడ్డుకుంటున్నాయని ఇంగ్లిష్‌లో చెబుతుంది. మలక్‌పేటలోని రెండు గదుల ఇంట్లో ఏ సంస్థ ఉంది, దాని విధానాలు రాసిందెవరు? ఆ విధానం రాసింది మైక్రోసాఫ్టే. మెసేజ్ మాత్రం ఆఫీసుల కోసం రాసిన పాత ముక్క, దాన్నే ఇళ్లకూ చూపిస్తోంది.

అసలు జరిగిందేమిటో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. విండోస్ మెషీన్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే భాష పేరు ఎస్ఎంబీ. దాని మొదటి రూపం 1980ల నాటిది. దొంగల భయం లేని రోజుల్లో కట్టిన ఇల్లులాంటిది, తలుపులున్నా గొళ్లెం నామమాత్రం. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ సరిగ్గా ఆ తలుపులోంచే దూరింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని నిలిచిపోయింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ రంధ్రం పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేయించుకోనివాళ్ల మీద పడింది దెబ్బ.

ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఎస్ఎంబీ మొదటి రూపాన్ని కొత్త మెషీన్లలో పెట్టడం ఆపేశారు. 2018 వసంతంలో వచ్చిన అప్‌డేట్‌తో హోమ్‌గ్రూప్ పోయింది. విండోస్ 7 రోజుల నుంచి ఇళ్లలో ఒకే పాస్‌వర్డ్‌తో అన్నీ పంచుకునే సులువైన ఏర్పాటు అది. ఇక 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అన్నిటికన్నా గట్టి దెబ్బ. దాని ప్రో రకంలో రెండు నియమాలు మారాయి. ఒకటి, మెషీన్ల మధ్య వెళ్లే ప్రతి సందేశం మీదా ముద్ర ఉండాలి. రెండు, పేరూ పాస్‌వర్డూ లేకుండా గెస్ట్‌గా లోపలికి పోవడం బంద్. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే. ముద్ర తయారయ్యేది పాస్‌వర్డ్ నుంచి. పాస్‌వర్డే లేని గెస్ట్‌కు ముద్ర ఎక్కడినుంచి వస్తుంది?

అంటే చాలా ఇళ్లలో 'పాడైంది' అనుకుంటున్నది నిజానికి పాడవలేదు. ఎవరైనా వచ్చిపోయేలా ఖుల్లాగా ఉన్న తలుపును తెలిసే మూసేశారు. మూయడం తప్పు కాదు. పక్కింటి పిల్లాడికి, కిరాయిదారుకు, వచ్చిన చుట్టానికి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వని ఇల్లు మన దగ్గర అరుదు. అలాంటి నెట్‌వర్క్‌లో ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడపిల్లల ఫొటోలు తాళం లేని ఫోల్డర్‌లో పడి ఉండటమే అసలు తప్పు. తలుపు మూసినవాళ్లు ఇంటివాళ్లకు ఒక మాట చెప్పకపోవడం మీదే తగాదా. అప్‌డేట్‌కు ముందు 'మీ పాత షేరింగ్ ఇక పనిచేయదు, ఫలానా పని చేసుకోండి' అని రెండు లైన్లు స్క్రీన్ మీద పెట్టడం అంత పెద్ద కంపెనీకి భారమేమీ కాదు. ఆ సమాచారం టెక్నికల్ పేజీల్లో ఉంది, ఇంగ్లిష్‌లో ఉంది, ఐటీ ఉద్యోగుల కోసం రాసి ఉంది.

ఆ ఖాళీని యూట్యూబ్ వీడియోలు నింపుతున్నాయి. రిజిస్ట్రీలో ఒక అంకె మార్చండి, గెస్ట్‌ను మళ్లీ తెరవండి, ఎస్ఎంబీ మొదటి రూపాన్ని ఆన్ చేయండి, ఫైర్‌వాల్ ఆపేయండి, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది అంటారు. అయిపోతుంది కూడా. తాళం పడలేదని తలుపే పీకేస్తే లోపలికి పోవచ్చు. ఆ తర్వాత వచ్చేది ఎవరో వీడియో చేసినవాడికి పట్టదు.

సరైన దారి ఇంతకన్నా కష్టమేమీ కాదు, పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముందు రెండు మెషీన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడాలి. ఫైబర్ కంపెనీ పెట్టిన డబ్బా ఒకటి, పై అంతస్తు కోసం కొన్న రూటర్ ఇంకొకటి ఉంటే, రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు నడుపుతూ ఉండొచ్చు. ప్రతి మెషీన్ వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. ఇళ్లలో మామూలుగా దాని మొదటి మూడు భాగాలు రెండింటిలోనూ ఒకటే ఉండాలి. ఒకదాంట్లో 192.168.1, ఇంకోదాంట్లో 192.168.0 ఉంటే ఎంత తిప్పలు పడ్డా అవి కలవవు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవాలి. గెస్ట్ వైఫైకి కలిపినా ఇదే కథ, అది ఉన్నదే మెషీన్లను విడదీయడానికి.

అది సరిగ్గా ఉంటే, అదే వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉందా, ప్రైవేట్ అని ఉందా చూడాలి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై అనుకుని విండోస్ తనను తాను దాచుకుంటుంది. పెద్ద అప్‌డేట్ల తర్వాత, కొత్త రూటర్ పెట్టిన తర్వాత ఇంటి వైఫై పబ్లిక్‌లోకి పోయి ఉండటం మామూలే. ప్రైవేట్ చేస్తే కొందరి సమస్య అక్కడే తీరిపోతుంది.

తీరకపోతే ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్ ఖాతా తెరవాలి. 'ఇల్లు' అనో 'ఘర్' అనో పేరు పెట్టి, గట్టి పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ ఫోల్డర్‌కు ఆ ఖాతాను జోడించాలి. అవతలి మెషీన్‌లో అడిగినప్పుడు అదే పేరు, అదే పాస్‌వర్డ్ కొట్టి, గుర్తుంచుకోమని టిక్ పెడితే చాలు. ఇక్కడే చాలామంది పరేషాన్ అవుతారు. రోజూ ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్‌ను కొడతారు. పిన్ ఆ ఒక్క మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. పాత పాస్‌వర్డ్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో మిగిలిపోయి అడ్డం పడటం కూడా ఉంది, దాన్ని తీసేయాలి. నెట్‌వర్క్ లిస్టులో అవతలి కంప్యూటర్ పేరే కనిపించకపోతే కంగారు అక్కర్లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు వెనక గీతలు పెట్టి ఐపీ నంబర్ కొట్టి చూడాలి. అలా తెరుచుకుంటే చిక్కు పేరు కనిపించడంలోనే ఉందన్నమాట, షేరింగ్‌లో కాదు.

అయినా పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటే? మన ఊళ్లలో దీనికి ఇంకో కారణం ఉండే అవకాశం ఉంది. ప్రతి విండోస్ ఇన్‌స్టలేషన్‌కు ఎస్ఐడీ అనే గుర్తింపు నంబర్ ఒకటి పుడుతుంది. సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు సిద్ధం చేసేటప్పుడు ఒక డిస్కులో విండోస్ వేసి, దాన్నే పది డిస్కుల్లోకి కాపీ కొట్టడం టైమ్ కలిసొచ్చే పద్ధతి. కానీ ఆ పదింటికీ గుర్తింపు నంబర్ ఒకటే అవుతుంది. ఏళ్ల తరబడి విండోస్ దీన్ని పట్టించుకోలేదు. 2025 ఆగస్టు 29 తర్వాత వచ్చిన అప్‌డేట్ల నుంచి విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 పట్టించుకుంటున్నాయి. ఒకే నంబర్ ఉన్న రెండు మెషీన్లు కలవబోతే, పాస్‌వర్డ్ సరైనదే అయినా ఒప్పుకోవు. ఈ విషయాన్ని మైక్రోసాఫ్ట్ తనే ప్రకటించింది. శాశ్వత పరిష్కారం విండోస్‌ను సరైన పద్ధతిలో మళ్లీ వేసుకోవడమే అని చెప్పింది. అన్నదమ్ములిద్దరూ ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్న జత సిస్టమ్‌లు అప్‌డేట్ తర్వాత కలవకపోతే, మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంత చిన్న కారణం తెలియక రూటర్లు, కేబుళ్లు మార్చడం దండగ.

అప్‌డేట్ తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందీ భద్రత కోసం చేసిందే అనుకోవడానికి కూడా లేదు. 2022 జూన్ అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫోన్ కలిపితే, ల్యాప్‌టాప్‌కే ఇంటర్నెట్ పోయింది. అది అచ్చంగా కంపెనీ పొరపాటు. ఒప్పుకుని తర్వాత సరిచేసింది. 2021 సెప్టెంబర్‌లో షేర్ చేసిన ప్రింటర్లు 11బి అనే ఎర్రర్‌తో నిలిచిపోవడం ఈ రెండిటికీ మధ్యలోది, కారణం భద్రతే, అమలు మాత్రం మొరటుగా జరిగింది. అందుకే ఇబ్బంది ఏ తేదీన మొదలైందో రాసిపెట్టుకోవడం మంచిది. విండోస్ నెలవారీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతాయి, మనకు బుధవారం నాటికి చేరతాయి. సరిగ్గా ఆ మర్నాటి నుంచే తేడా వస్తే, ఆ ఒక్క అప్‌డేట్‌ను తీసేసి చూడొచ్చు. పెద్ద వెర్షన్ మారితే వెనక్కి పోవడానికి మామూలుగా పది రోజులే గడువు.

ఇళ్లకన్నా ఎక్కువ నష్టం చిన్న దుకాణాలది. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే గల్లీనే తీసుకోండి. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లు. ఇవి పాత మెషీన్‌లో కుదురుకుని ఉంటాయి కాబట్టి అలాంటి పనిలో దాన్ని ఎవరూ కదిలించరు. డిజైన్ కొత్త ల్యాప్‌టాప్‌లో, మ్యాటర్ పాత సిస్టమ్‌లో, మధ్యలో వైఫై. ఆ దారి తెగితే పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క రోజు పని ఆగినా గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. ఇలాంటిచోట పాత మెషీన్ విండోస్ 7 అయితే దారి ఉంది. ఎస్ఎంబీ రెండో రూపం దానికి తెలుసు, పాస్‌వర్డ్ పెట్టి ఖాతా తెరిస్తే కొత్త ల్యాప్‌టాప్ ఒప్పుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీ అయితే మాత్రం ఆశ వదులుకోవాలి. దానికి తెలిసిన భాష మొదటి రూపమొక్కటే. దాని కోసం కొత్త ల్యాప్‌టాప్ తలుపు తెరవడం కన్నా, ఎక్స్‌పీ సిస్టమ్‌ను నెట్ నుంచి తప్పించి పెన్ డ్రైవ్‌తో ఫైళ్లు మోయడం నయం. రూటర్ వెనక యూఎస్‌బీలో పెట్టిన హార్డ్ డిస్కుకూ ఇదే లెక్క. రూటర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయాలి, లేకపోతే డిస్కును అక్కడినుంచి తీసి ఏదో ఒక కంప్యూటర్‌కు పెట్టుకోవాలి.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్లకు పొడిగింపు సపోర్ట్ 2026 అక్టోబర్ 13 దాకా ఉంది. కానీ అందులో పేరు నమోదు చేసుకుంటేనే. ఆ తర్వాత వాళ్లకూ ఇదే వరస. మారే రోజు దాకా ఆగకుండా, పాత విండోస్‌లో ఉండగానే షేరింగ్ ఖాతా తెరిచి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, గెస్ట్‌గా కాకుండా ఆ పేరుతోనే ఫోల్డర్ తెరవడం ఇప్పుడే అలవాటు చేసుకోవచ్చు. అందుకు రూపాయి ఖర్చు లేదు, టెక్నీషియన్‌ను పిలవాల్సిన పనీ లేదు.