కొలనోస్కోపీ: సంతకానికి ముందే చెప్పవలసిన సంగతులు

"అరగంట పని, ఏమీ కాదు" అని చెప్పి రోగిని కొలనోస్కోపీకి పంపడం మన ఆసుపత్రులలో ఆనవాయితీ అయింది. ఈ మంచి పరీక్షకు అన్నిటికన్నా ఎక్కువ అపకారం చేస్తున్నది ఆ మాటేనని నా నిశ్చితాభిప్రాయం.

పరీక్ష విలువను నేను శంకించడం లేదు. క్యాన్సర్‌గా మారకమునుపే పాలిప్‌ను గుర్తించి, అప్పటికప్పుడే తొలగించగల సాధనమిది. అయినా, మీటరున్నర పొడవున్న పెద్దప్రేగులోనికి గొట్టం పంపి, గాలి నింపి, అవసరమైనచోట కోసే ప్రక్రియ పూర్తిగా నిరపాయకరం కాజాలదు. ప్రేగుకు చిల్లి పడడం అరుదు. సుమారు వేయిమందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. పడితే మాత్రం అత్యవసర శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పాలిప్ తీసినచోట రక్తస్రావం రెండు వారాల లోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు. మత్తుమందు వలన వృద్ధులకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి శ్వాస మందగించవచ్చు.

ముందురోజు ఇంట్లో తాగే విరేచనాల మందుతోనూ జాగ్రత్త అవసరం. సోడియం ఫాస్ఫేట్ ద్రావణం మూత్రపిండాలను దెబ్బతీయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది. ఉపవాసముంటూ ఇన్సులిన్ యథావిధిగా తీసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తాన్ని పలుచబరిచే మందులను తమంతట తాము ఆపినా, వైద్యునికి చెప్పకుండా కొనసాగించినా ముప్పే.

ఇవన్నీ రోగికి ఎప్పుడు తెలుస్తున్నాయి? రాత్రంతా విరేచనాలతో నీరసించి, ఆసుపత్రి గౌను తొడుక్కుని, సెలైన్ సూది పెట్టించుకున్న తరువాత ఇంగ్లీషు కాగితమొకటి చూపి సంతకం పెట్టమంటున్నారు. దానిని సమ్మతి అనడం అన్యాయం.

"చెబితే భయపడి మానేస్తారు" అని వైద్యమిత్రులు కొందరంటారు. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన అపాయాలు రోగికి చెప్పాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. బహు అరుదైన, ఊహామాత్రమైన అపాయాలు చెప్పనక్కరలేదని కూడా అన్నది. ఆ మినహాయింపు చాటున దాగేవారిని ఒక్కటే అడుగుతాను: చిల్లి సంగతి తెలియని రోగి, ఇంటికెళ్లిన రాత్రి కడుపు గట్టిపడి నొప్పి పెరుగుతుంటే ఏమనుకుంటాడు? గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటాడు. తెల్లవారేసరికి కడుపంతా చీము వ్యాపించవచ్చు. ముందుగా చెప్పి ఉంటే అతడు ఆ రాత్రే ఆసుపత్రికి వచ్చేవాడు.

కాబట్టి పాఠకులారా, తేదీ ఖాయం చేసుకునే రోజుననే అడగండి. ఈ పరీక్ష నాకెందుకు? లక్షణాలేవీ లేని నాకు ముందు మలపరీక్ష సరిపోతుందా? నా మందులలో ఏవి ఆపాలి, ఎన్నాళ్లు? తీవ్రమైన నొప్పి, జ్వరం, రక్తం కనిపిస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మలంలో రక్తం పడుతున్నవారు మాత్రం భయంతో పరీక్షను వాయిదా వేయరాదు. ఓపికగా జవాబు చెప్పే వైద్యుని వద్ద నిశ్చింతగా చేయించుకోండి. విసుక్కునే చోట సంతకం పెట్టకండి.