భాగస్వామి అంటే భాగమెంత?

విదేశీ చర్చి సంస్థల డబ్బు గురించి మన సమావేశాల్లో మాట వచ్చినప్పుడల్లా రెండే వాదనలు వినిపిస్తాయి. ఆ డబ్బు ముట్టినవాడు ఏజెంటు అని ఒకరంటారు. పేదలకు మంచి చేస్తుంటే మనకెందుకయ్యా అని ఇంకొకరంటారు. రెండూ ఒళ్లొంచని వాదనలే. డబ్బు ఎక్కడ పుట్టింది, ఏ షరతు మీద వచ్చింది, ఆపే అధికారం ఎవరిది అని అడగకుండా తీర్పు చెప్పేస్తున్నాం. భూమి కౌలుకు తీసుకునేటప్పుడు ఇంత గుడ్డిగా ఉంటామా?

జర్మనీలో మిసెరియోర్ అనే కాథలిక్ సంస్థ ఉంది. 1958లో కొలోన్ కార్డినల్ యోసెఫ్ ఫ్రింగ్స్ చొరవతో అక్కడి మేత్రాణులు పెట్టారు. కేంద్రం ఆహెన్ పట్టణంలో. తపస్సుకాలంలో గుళ్లలో పట్టే చందా దాని పునాది. దానం చేసి ఊరుకుంటే చాలదు, ఆకలికి కారణమైన బలవంతుల మనస్సాక్షిని కూడా తట్టాలని ఫ్రింగ్స్ ఆనాడే చెప్పాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఈ సంస్థ పద్ధతి ఏమిటంటే, తాను పరాయి దేశంలో దిగి పని చేయదు. జీపులు, బోర్డులు, తెల్ల దొరల క్యాంపు ఆఫీసులు ఉండవు. అక్కడి సంఘం తనకేం కావాలో తానే రాసి దరఖాస్తు పెట్టాలి. నచ్చితే డబ్బు పంపుతారు. పని, మనుషులు, నిర్ణయాలు స్థానికులవి. ఇంగ్లండులో కాఫోడ్, ఐర్లండులో ట్రోకెరా కూడా ప్రధానంగా స్థానిక సంస్థల ద్వారానే పనిచేస్తాయి. వీళ్లందరూ వాడే మాట 'భాగస్వామి'.

కాగితం మీద ఇది మంచి పద్ధతే. ఊరి సంగతి ఊరివాడికే తెలుస్తుందని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన వ్యవసాయ శాఖే ఇంకా ఒప్పుకోలేదు!

మరి డబ్బు ఎవరిది? గుడి చందా ఒక్కటే కాదు. 1962 నుంచి జర్మన్ ప్రభుత్వం అభివృద్ధి నిధులను చర్చిలు పెట్టిన కేంద్ర సంస్థల ద్వారా పంపుతోంది. ఇవాళ మిసెరియోర్ ఖర్చు పెట్టేదాంట్లో సగానికి పైగా సర్కారు సొమ్మే. సర్కారు సొమ్ముతో సర్కారు లెక్కలూ వస్తాయి. మూడేళ్ల ప్రాజెక్టు, పద్దుల వారీ బడ్జెట్, ఆడిట్, ఆరు నెలలకో నివేదిక, చివర్లో మూల్యాంకనం. లెక్క అడగడం తప్పని నేననను. రైతు సంఘం డబ్బుకైనా లెక్క ఉండాల్సిందే. కాని లెక్క ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తుంది. కింది సంఘం పైవాడికి లెక్క చెబుతుంది. పైవాడు కింది సంఘానికి, ఈ ఏడు మీకింతే ఎందుకిచ్చాం, పక్కవాళ్లకు ఎందుకు ఆపాం అని చెప్పాల్సిన పని లేదు. ఇద్దరిలో ఒకడు మాత్రమే రెండోవాడి పుస్తకాలు తిరగేయగలిగితే దాన్ని మన ఊళ్లో పొత్తు అనరు. కౌలు అంటారు. నష్టం కౌలుదారుడిది, వచ్చే ఏడు పొలం ఉంటుందో ఊడుతుందో ఆసామి దయ.

ఇందులోంచి పంట పండించుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. ఫిలిప్పీన్స్‌లోని మాసిపాగ్ సంగతి మన రైతులు తెలుసుకోవాలి. అంతర్జాతీయ వరి పరిశోధన కేంద్రం ఉన్నది ఆ దేశంలోనే, లాస్ బాన్యోస్‌లో. 1966లో ఐఆర్-8 వదిలింది అక్కడే. ఐఆర్ రకాలతో పాటు యూరియా, పురుగుమందు, అప్పు ఏ వరసలో వచ్చాయో మన డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. 1985లో అక్కడి రైతులు, వాళ్లతో నిలబడ్డ శాస్త్రవేత్తలు కూర్చుని మాట్లాడుకున్నారు. దాంట్లోంచి పుట్టిందే మాసిపాగ్. నాటు వరి రకాలు వెతికి పోగేశారు. ఊరూరా పరీక్షా క్షేత్రం పెట్టి, పదుల రకాలు పక్కపక్కన నాటి, తమ నేలకు ఏది నిలుస్తుందో రైతులే ఎంచుకున్నారు. రైతులే వరి సంకరం చేయడం నేర్చుకున్నారు. విత్తనం ఎవరి సొత్తూ కాదు.

ఈ పనికి మిసెరియోర్ ఏళ్ల తరబడి డబ్బిచ్చింది. 2009లో 840 మంది రైతులతో చేసిన అధ్యయనానికీ అదే సాయం చేసింది. పూర్తిగా సేంద్రియానికి మారిన రైతుకు హెక్టారుకు నికర ఆదాయం ఎక్కువ, తిండిలో రకాలు ఎక్కువ, అప్పు బాధ తక్కువ అని తేలింది. డబ్బిచ్చినవాళ్ల అండతో చేసిన అధ్యయనం కదా అని అనుమానించే హక్కు మనకుంది. అయితే విత్తన కంపెనీ డబ్బుతో చేసిన అధ్యయనాలను మన విశ్వవిద్యాలయాలు కళ్లకద్దుకున్నప్పుడు కూడా అదే అనుమానం రావాలి. మాసిపాగ్ అంతటితో ఆగలేదు. మరికొందరితో కలిసి కోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీలు కోర్టు గోల్డెన్ రైస్, బీటీ వంకాయ సాగును ఆపమంది. పేరు మోసిన సంస్థలు ఎదురుగా ఉన్న కేసు అది. ఈ సంఘానికి అక్కడి సైన్యం కమ్యూనిస్టు ముద్ర కూడా వేసింది. విదేశీ డబ్బు తీసుకుంటే వెన్నెముక పోతుందనేవాళ్లు దీనికేం చెబుతారు?

నా దృష్టిలో తేడా ఒక్కటే. మాసిపాగ్ రైతుల సంఘంగా ముందు పుట్టింది. డబ్బు తర్వాత వచ్చింది. మన దగ్గర చాలా చోట్ల డబ్బు ముందు వస్తుంది, దాని చుట్టూ 'రైతు సంఘం' రిజిస్టరవుతుంది. ప్రాజెక్టు పోయిన మర్నాడు అధ్యక్షుడి ఫోను పలకదు.

నమ్మకానికి రెండో వైపు కెనడాలో కనిపిస్తుంది. డెవలప్‌మెంట్ అండ్ పీస్ అనే సంస్థను 1967లో అక్కడి కాథలిక్ మేత్రాణులే పెట్టారు. ఎన్నో దేశాల ప్రజా సంఘాలతో దశాబ్దాల స్నేహం దానిది. గర్భస్రావం, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో కొన్ని భాగస్వామ్య సంఘాల వైఖరి చర్చి బోధనకు విరుద్ధమని 2018లో మేత్రాణుల నుంచే అభ్యంతరం వచ్చింది. కొన్ని మేత్రాసనాలు చందా డబ్బు ఆపేశాయి. విచారణ మూడేళ్లు సాగింది. 2021లో 24 సంఘాలకు ఇక డబ్బు లేదని తేల్చారు.

వాళ్ల మతం, వాళ్ల నియమం, వాళ్ల చందా. ఆపుకునే హక్కు వాళ్లకుంది. కాని అప్పుడు 'భాగస్వామి' అనే మాట వాడకండి. నేల కోసం, నీళ్ల కోసం కలిసి నడుద్దామని పిలిచి, ఆ ఊళ్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి సంఘం ఏం మాట్లాడిందో వెతికి తలుపు వేయడం పొత్తు ఎలా అవుతుంది? తీర్పు చెప్పిన బల్లకు ఆ సంఘాల మనిషికి సమానంగా కుర్చీ వేశారా? ఇచ్చేవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు నా గొడవ. మంచివాడి చేతిలో ఉన్నా పగ్గం పగ్గమే.

ఇక మన ఢిల్లీ వాళ్ల సంగతి. 2020 సెప్టెంబరు మూడో వారం గుర్తుందా? 20వ తేదీన రాజ్యసభలో మూజువాణితో వ్యవసాయ బిల్లులు గట్టెక్కించారు. అదే వారం విదేశీ విరాళాల చట్ట సవరణను కూడా రెండు సభల్లో దాటించేశారు. సాగు చట్టాలను ఏడాది పైగా రోడ్ల మీద కూర్చుని వెనక్కి తీసుకునేలా చేశాం. రెండోది అలాగే ఉంది. దాని ప్రకారం విదేశీ విరాళం పొందిన సంస్థ అందులో పైసా కూడా ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20కి దించారు. మొదటి ఖాతా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో ఉండాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణలను సమర్థించింది.

దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. పట్టణంలో పెద్ద ఆఫీసు, చార్టర్డ్ అకౌంటెంటు ఉన్న సంస్థ బతికింది. దాని దగ్గర చిన్న మొత్తాలు తీసుకుని కొర్ర, సామ విత్తనం దాచి పంచే ఊరి మహిళా సంఘానికి దారి మూసుకుపోయింది. మా వైపు అలాంటిదొకటి తలుపులు వేసుకుంది. దేశభక్తి పేరుతో మూసింది మెట్ట రైతు విత్తన గాదెను. పురుగుమందు కంపెనీలకు వచ్చే విదేశీ పెట్టుబడికి మాత్రం ఎర్ర తివాచీ! అంతెందుకు, 2020 డిసెంబరులో ఢిల్లీ సరిహద్దులో చలికి వణుకుతున్న పంజాబు రైతు సంఘం ఏక్తా ఉగ్రాహాఁను, విదేశాల్లోని బిడ్డలు పంపిన చందాకు రిజిస్ట్రేషన్ ఏదని బ్యాంకు ద్వారా అడిగించారు.

కాబట్టి మన సంఘం రెండు వైపులా మాట్లాడాలి. చట్టంలోని ఏడో సెక్షను, అంటే ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్న నిషేధం, రద్దు కావాలన్నది మన డిమాండ్లలో చేరాలి. అటు ఆ జర్మనీ వాళ్లకూ చెప్పాలి: ఫ్రింగ్స్ మాట నిలబెట్టుకోండి. మీ దేశపు బేయర్, బీఏఎస్ఎఫ్ కంపెనీలు ఐరోపాలో అనుమతి లేని మందులను పేద దేశాల్లో అమ్ముతున్నాయని 2020లో మరికొన్ని సంస్థలతో కలిసి మీరే నివేదిక వేశారు. మాకు పంపే డబ్బు కన్నా ఆ పని విలువ ఎక్కువ. మా పొలాల్లో మీ బోర్డు లేకపోయినా ఫరవాలేదు, మీ పార్లమెంటు ముందు మా గొంతు ఉంటే చాలు.

మన జిల్లాల్లో ఏ సంస్థ రైతుల పేరుతో మీటింగు పెట్టినా మన కార్యకర్తలు వెళ్లి మూడు ప్రశ్నలు అడగాలి. ఈ పని కావాలని మొదట అడిగింది ఏ ఊరి రైతు? ఒప్పంద పత్రం తెలుగులో ఉందా, ఉంటే ఇక్కడే చదువుతారా? డబ్బు ఆగిన ఏడాది ఈ సంఘం ఎవరి చందాతో నడుస్తుంది? జవాబులు రాసి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.