రాక్ సంగీతంలో ప్రబంధ లక్షణం

హార్డ్ రాక్ అనగానే మన పెద్దలు చెవులు మూసుకుంటారు; పిల్లలు కళ్లు మూసుకొని తలలూపుతారు. ఇరువురూ దానిని నిజంగా వినడం లేదని నా అభియోగం. పెద్దలకది రణగొణధ్వని. పిల్లలకది ఫోనులో ముప్పది సెకండ్లు మోగి మాయమయ్యే మెరుపు. ఆ సంగీతంలో ఉత్తమమైన భాగం విడిపాటగా గాక, ఆల్బముగా, అనగా ఆద్యంతాలు గల సమగ్ర రచనగా పుట్టినదని ఇరుపక్షాలకూ మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

ఈ మాట రాయడానికి నేనుంటున్న చోటు కూడా కొంత కారణం. జూబ్లీహిల్స్ రాళ్లగుట్టల నడుమ అక్కినేని నాగేశ్వరరావుగారు 1970ల మధ్యకాలంలో అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు. మద్రాసులోని తెలుగు సినిమా మెల్లమెల్లగా ఇటు తరలివచ్చినది. నేడు ఫిలింనగర్ వీథులలో నడిచేవేళ ఏదో ఒక మేడలో ఏదో ఒక పాట తయారవుతూనే ఉంటుంది. ఆ పాటలలో గిటారు ఉరుముతుంది, డ్రమ్ములు పిడుగులు కురిపిస్తాయి. రాక్ సంగీతపు వాద్యాలను మనవారు తెచ్చుకున్నారు గాని, దాని నిర్మాణాన్ని తెచ్చుకోలేదు. సినిమా రాకముందే పాటలను ఒక్కొక్కటిగా ఫోనులలోకి వదులుతారు. ఒక పాటకూ దాని తరువాతి పాటకూ చుట్టరికం అరుదు. మన పరిభాషలో ఇవి చాటువులు. చాటువును నేను తక్కువ చేయను. కాని చాటువులకే అలవాటుపడిన పాఠకునికి ప్రబంధం చదివే ఓపిక ఎక్కడినుండి వస్తుంది?

అసలు పాట మూడు నాలుగు నిమిషాలకు కుదించుకొనడానికి కారణం కవీ కాదు, గాయకుడూ కాదు, యంత్రం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక్కొక్క ప్రక్కన మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టేది కాదు. నిడివి గల పాటను రెండు ప్రక్కలకూ విడగొట్టవలసి వచ్చేది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును ప్రవేశపెట్టడంతో ఒక్కొక్క ప్రక్కకు ఇరువది నిమిషాల పైచిలుకు చోటు దొరికినది. జనరంజక సంగీతంలో చాలాకాలం ఆ చోటును విడిపాటలతోనే నింపారు. ఒక ప్రక్కను ఒక సర్గగా, రెండు ప్రక్కలనూ కలిపి ఒక కావ్యంగా భావించే సాహసం 1960ల చివర ఇంగ్లండులో కొందరు యువకులు చేశారు. వారి బాణీకే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు.

నాకు ప్రియమైన ఆల్బములు నాలుగింటిని గురించి చెబుతాను. మొదటిది హార్డ్ రాక్ బాణీలోనిది, డీప్ పర్పుల్ బృందం వారి 'మెషీన్ హెడ్' (1972). దీని ధ్వనిముద్రణకై వారు 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రో పట్టణం చేరారు. తాము వాడుకొనదలచిన కాసినో భవనం, ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా అగ్నికి ఆహుతి అయినది. చివరకు ఒక హోటలు నడవలలో వాద్యాలు అమర్చుకొని, వెలుపల నిలిపిన రికార్డింగు బండికి తీగలు లాగి పని పూర్తిచేశారు. సరస్సుపై కమ్ముకొన్న ఆ పొగయే 'స్మోక్ ఆన్ ది వాటర్' అనే పాట అయినది. అందులో రిచీ బ్లాక్‌మోర్ గిటారుపై పలికించిన చిన్న స్వరగుచ్ఛాన్ని ప్రయత్నించని గిటారు విద్యార్థి అరుదు. ఆ ఒక్క పాటతో తృప్తిపడేవారు, ఆల్బము ప్రారంభంలోని 'హైవే స్టార్'లో ఆర్గనూ గిటారూ వంతులవారీగా చూపే ప్రతిభను పోగొట్టుకుంటున్నారు.

రెండవది జెత్రో టల్ బృందం వారి 'థిక్ యాజ్ ఎ బ్రిక్' (1972). రెండు ప్రక్కలా కలిపి ఒకే పాట. సుమారు 44 నిమిషాలు. అంతకుముందరి తమ ఆల్బమును విమర్శకులు ఏకసూత్ర కావ్యమని పిలువగా, నాయకుడు ఇయాన్ ఆండర్సన్ కాదని చెప్పి, ఆ మోజును ఎగతాళి చేయడానికే దీనిని కూర్చాడు. దాని అట్ట పన్నెండు పుటల వార్తాపత్రిక రూపంలో ఉంటుంది. ఎనిమిదేండ్ల బాలుని పద్యానికి బహుమతి ప్రకటించి, పిదప అది అనర్హమని రద్దుచేశారన్న కల్పిత వార్త అందులో ప్రధానం. ఉపాధ్యాయులు చదివి నవ్వుకొనదగినది, నవ్విన తరువాత కొంచెం సిగ్గుపడదగినది కూడా. ఇక ఆండర్సన్ ఒంటికాలిపై నిలిచి వేణువూదే భంగిమ చూస్తే మనవారికి ఎవరు జ్ఞప్తికి వస్తారో వేరే చెప్పనక్కరలేదు.

మూడవది పింక్ ఫ్లాయిడ్ బృందం వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973). గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. నడుమ కాలం, ధనం, మృత్యువు, మతిభ్రమణం. ధనాన్ని గురించిన పాట మన మిశ్రచాపు వలె ఏడు మాత్రలలో నడుస్తుంది. 'తకిట తకధిమి' అని వ్రేళ్లపై లెక్కించి చూడవచ్చు. మృత్యువును గురించిన చోట క్లేర్ టోరీ అనే గాయని మాట అనేది లేకుండా కేవలం ఆలాపన చేస్తుంది. ఈ రికార్డు అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 1988 నాటికి 741 వారాలు నిలిచినది. గంభీరమైనదానిని జనం ఆదరించరనేవారికి ఇదే నా సమాధానం.

నాలుగవదానిని ప్రేమతోనే గాక, కొంత ఫిర్యాదుతో కూడా పేర్కొంటాను. యెస్ బృందంలోని జాన్ ఆండర్సన్ పరమహంస యోగానందుల 'ఒక యోగి ఆత్మకథ'లో శ్రుతి, స్మృతి, పురాణ, తంత్రాలను గురించిన అధోజ్ఞాపిక నొకదానిని చదివి, దాని ఆధారంగా నాలుగు ప్రక్కల 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' (1973) అనే రచనకు పూనుకొన్నాడు. ప్రక్కకొక పాట; మొత్తం ఎనుబది నిమిషాల పైమాట. అందులో తన్మయత్వమూ ఉన్నది, సాగదీతా ఉన్నది. దానిపై మనసు లేని వాద్యకారుడు రిక్ వేక్‌మన్ 1974లో బృందాన్నే విడిచిపెట్టాడు. నిడివి ఒక్కటే గుణం కాదని ఈ బాణీకి పాఠం చెప్పినది ఈ బాణీవారే. అష్టాదశ వర్ణనలు పేర్చినంత మాత్రాన ప్రబంధం కాదని మనకు తెలియనిదా?

ఇదంతా పరదేశీయుల గొడవ, మనకెందుకని కొందరనవచ్చు. సమగ్రంగా వినడం మనకు క్రొత్త కాదు. ఘంటసాలగారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూయకముందు పాడిన భగవద్గీత ఏ సినిమాలోనిదీ కాదు. శ్లోకం వెంట తాత్పర్యం, విషాదం నుండి ఉపదేశానికి నడక. అది కూడా ఆద్యంతాలు గల ఆల్బమే. దానినిప్పుడు మనం అంతిమయాత్రల బండ్లకు అప్పగించాము. తెలుగు సినిమాలకూ విస్తారంగా సంగీతం కూర్చిన ఇళయరాజాగారు 1986లో త్యాగరాజస్వామికీ, జర్మన్ వాగ్గేయకారుడు బాఖ్‌కూ అంకితంగా 'హౌ టు నేమ్ ఇట్' అనే వాద్యసంగీత ఆల్బమును వెలువరించారు. 2023 మార్చిలో ఆస్కార్ వేదికపై కీరవాణిగారు, కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగినవాడినని చెప్పుకొన్నారు. ఆ కార్పెంటర్స్ రాక్ బృందాలవలె ఉరిమేవారు కారు. అయినా పరదేశపు రికార్డులు ఒక తెలుగు స్వరకర్తకు బడి అయినవని అందువల్ల తేలుతున్నది. ఇంతటి విద్వాంసులున్న ఫిలింనగర్ నుండి, ఏ సినిమాకూ చెందని నలుబది నిమిషాల తెలుగు రచన ఏటికొకటైనా రావాలని కోరడం అత్యాశ కాదు.

నిర్మాతలను మాత్రమే నిందించి ఊరుకొనడం న్యాయం కాదు. ఏండ్ల తరబడి తెలుగు బోధించిన నేను గజేంద్రమోక్షంలో పరీక్షకు వచ్చే పద్యాలనే కంఠస్థం చేయించాను. గజేంద్రుడు మడుగులోకి ఎందుకు దిగాడో, ఎంతకాలం పోరాడాడో తెలియకపోయినా పిల్లలకు మార్కులు వచ్చినవి. ముక్కలు వినే చెవిని తయారుచేసిన పాపంలో సినిమావారితో పాటు నాకూ భాగమున్నది.

ఫిలింనగర్‌లో శబ్దమిశ్రణం నేర్చుకొంటున్న కుర్రవాడొకడు మా వీథిలో ఉన్నాడు. పింక్ ఫ్లాయిడ్ పాటలలో ధనాన్ని గురించినది ఒక్కటే అతనికి తెలుసు. ఒక ఆదివారం కూర్చుండబెట్టి రికార్డు మొత్తం వినిపించాను. ముగిసిన తరువాత కొంతసేపు ఊరకుండి, "మాస్టారూ, చివర మళ్లీ ఆ గుండె చప్పుడే వచ్చిందండీ" అన్నాడు. మొదటినుండి విన్నవాడే ఆ మాట అనగలడు.

ఆ రికార్డు నిడివి సుమారు 43 నిమిషాలు. మన బడిలో ఒక పీరియడు. ఏడాదికొక పీరియడు ఇందుకు కేటాయించమని తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం. ఆ ఆల్బమే కానక్కరలేదు. ఘంటసాలగారి గీతయైనా సరే. నడుమ ఆపవద్దు, తరువాత ప్రశ్నలు అడుగవద్దు.