ఆ గడి ఖాళీగా వదలొద్దు

2025 ఆగస్టులో పద్దెనిమిది రోజులు తెలుగు సినిమా షూటింగులు ఆగిపోయాయి. 30 శాతం వేతన పెంపు అడిగిన సినీ కార్మికుల ఫెడరేషన్, అంత ఇవ్వలేమన్న నిర్మాతలు చివరికి ప్రభుత్వ చొరవతో రాజీకొచ్చారు. రోజుకు రూ.2,000 లోపు తీసుకునేవారికి మూడేళ్లలో 22.5 శాతం, ఆపై రూ.5,000 వరకు తీసుకునేవారికి 17.5 శాతం పెంపు ఖరారైంది. పెంపు న్యాయమైనదే. కానీ ఆ చర్చల్లో ఎక్కువగా వినిపించింది ఇవాళ్టి కూలి గురించే. అరవై దాటి లైటు మోయలేని స్థితికి వచ్చిన మనిషి ఏం తిని బతకాలన్న ప్రశ్న పక్కకు పోయింది. వచ్చే ఒప్పందంలో అది మొదటి అంశం కావాలి. ఈలోగా నెల జీతం, పీఎఫ్ ఉన్నవాళ్లు చేతిలోని అవకాశాన్ని జారవిడుచుకోవడం మానాలి.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే తారల బంగళాలు గుర్తుకొస్తాయి. నిజానికి ఇక్కడ నెల జీతగాళ్లు తక్కువేం కాదు. స్టూడియోల అకౌంట్స్ విభాగాల్లో, సౌండ్ మిక్సింగ్ థియేటర్లలో, కిటికీలు మూసిన గదుల్లో ఒక్కో ఫ్రేమునూ గీసి కత్తిరించే గ్రాఫిక్స్ కంపెనీల్లో వాళ్లున్నారు. చేరిన రోజు హెచ్‌ఆర్ వాళ్లు కాగితాల కట్ట ముందు పెడతారు. పీఎఫ్ నామినేషన్, బీమా, కంపెనీకి జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) ఉంటే దానికో ఫారం. అందులో పింఛను ఫండు పేరు, పెట్టుబడి ఎంపిక రాసే గడి ఉంటుంది. పాతికేళ్ల కుర్రాడు పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి అక్కడున్న చోటే టిక్కు పెడతాడు. లేదంటే ఖాళీగా వదిలి సంతకం చేస్తాడు. ముప్ఫై అయిదేళ్ల పొదుపు ఎటు పోవాలన్నది అర నిమిషంలో తేలిపోతుంది.

ఆ గడి సంగతి విడమరిచి చెప్పాల్సిన బాధ్యత ముందు యాజమాన్యానిది. షేర్లు, కార్పొరేట్ బాండ్లు, ప్రభుత్వ సెక్యూరిటీల్లో ఎందులో ఎంత పెట్టాలో చందాదారే చెప్పడం ఒక పద్ధతి. మామూలు పథకంలో షేర్ల వాటా 75 శాతం మించకూడదు. 2025 అక్టోబరు నుంచి నూరు శాతం షేర్లలో పెట్టే పథకాలూ వచ్చాయి గానీ, చాలామందికి అంతదూరం వెళ్లాల్సిన పనిలేదు. రెండోది వయసును బట్టి వాటాలు వాటంతటవే మారే ఆటో పద్ధతి. ఇందులో రకం చెప్పకపోతే మధ్యస్థమైనది వర్తిస్తుంది. 35 ఏళ్ల దాకా సగం షేర్లు, ఆపై ఏటా రెండు శాతం చొప్పున తగ్గుతూ 55 వచ్చేసరికి పది శాతం. ఎంపికను ఏడాదికి నాలుగుసార్లు మార్చుకోవచ్చు కనుక తప్పు చేస్తామేమోనన్న భయం అక్కర్లేదు. అలాగని మార్కెట్ పడ్డప్పుడల్లా మార్చడం మొదలుపెడితే మాత్రం నష్టం ఖాయం.

చాలామంది పొరబడేది ఒక్కచోట. రిస్కు వద్దంటూ ఎన్‌పీఎస్ సొమ్మంతా ప్రభుత్వ బాండ్లకే రాసేస్తారు. వాళ్లకు అప్పటికే పీఎఫ్ ఉంది. ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం వేస్తారు. యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతానికి సమానమైన మొత్తం, రూ.15,000 వేతన పరిమితికి లోబడి, ఉద్యోగుల పింఛను పథకానికి పోతుంది. మిగతాది ఎక్కడ పెట్టాలో ఉద్యోగి చేతిలో లేదు. ఈపీఎఫ్‌ఓ అందులో అధిక భాగాన్ని బాండ్లలోనే పెడుతుంది, 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చింది. అది గట్టి పునాదే. అంత పునాది ఉన్న ఇరవై ఎనిమిదేళ్ల గ్రాఫిక్స్ కంపోజిటర్ ఎన్‌పీఎస్‌నూ బాండ్లతోనే నింపితే, ముప్ఫై ఏళ్ల ధరల పెరుగుదలను దాటి ఎదిగే సొమ్ము అతనికి ఎక్కడిది? ఆ వయసులో 75 శాతం షేర్లకు రాయడమే సరైన పని. యాభై దాటినవారు ఆ దారి పట్టకూడదు.

నెలకు వెయ్యి రూపాయల చొప్పున ముప్ఫై ఏళ్లు వేస్తే కట్టింది రూ.3.6 లక్షలు. సగటున ఏటా 8 శాతం వస్తే అది దాదాపు రూ.14.9 లక్షలవుతుంది. 10 శాతం వస్తే రూ.22.6 లక్షలు. ఇంత వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండు శాతం తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ లెక్కలో తెలుస్తుంది. అదే రెండు శాతాన్ని రుసుములకు, కమీషన్లకు వదిలేసుకున్నా నష్టం అంతే. 2025లో ఎన్‌పీఎస్ మామూలు పథకాల్లో ఫండు నిర్వహణ రుసుము 0.09 శాతం దాటలేదు. టీ విరామంలో బల్ల దగ్గరికొచ్చి ఎండోమెంట్ పాలసీలు అంటగట్టేవారిని ఆఫీసులోకి రానివ్వడం యాజమాన్యాలు మానుకోవాలి. వారి బదులు కమీషన్ తీసుకోని, సెబీ వద్ద నమోదైన సలహాదారును ఏడాదికోసారైనా పిలిపించాలి.

తెలిసిన చోటే డబ్బు పెడతామంటారు సినిమావాళ్లు. వాళ్లకు తెలిసిన చోటంటే మళ్లీ సినిమాయే. ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి, మిత్రుడి సినిమాలో చిన్న వాటాకి, తోటివారి చీటీకి. తన కాలంలో భారీ పారితోషికం అందుకున్న చిత్తూరు నాగయ్య సొంత నిర్మాణాలతో, దానధర్మాలతో అంతా కరిగిపోయి 1973లో పేదరికంలో కన్నుమూశారు. కత్తి కాంతారావు నిర్మాతగా మారి ఆస్తులు పోగొట్టుకున్నారు. సినిమాపై వారి ప్రేమను తప్పుపట్టలేం. కానీ జీతమూ పొదుపూ ఒకే రంగంలో ఉంటే ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. 2020లో షూటింగులు ఆగినప్పుడు కార్మికుల ఇళ్లకు సరుకులు పంపడానికి చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గ్రాఫిక్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరులో గ్రాఫిక్స్ ఉద్యోగులు వేలల్లో రోడ్డున పడ్డారు.

ఇక రోజు కూలి కార్మికులుండే కృష్ణానగర్ సంగతి. తెల్లవారకముందే ప్రొడక్షన్ వ్యాను కోసం నిలబడే లైట్‌మ్యాన్‌కు, సెట్ బాయ్‌కు, జూనియర్ ఆర్టిస్టుకు నింపడానికి ఏ ఫారమూ లేదు. సినిమాకో నిర్మాత, షెడ్యూలుకో మేనేజరు. చట్టం లేదనడానికి వీల్లేదు. మూడు సినిమాలకు తగ్గకుండా పనిచేసిన కార్మికుడికి పీఎఫ్ చట్టం వర్తిస్తుందని 1981 నాటి సినీ కార్మికుల చట్టమే చెప్పింది. చాలా సెట్లలో అది కాగితం దాటలేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన కార్మిక కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. దానికైనా అదే గతి పట్టకుండా చూడాల్సింది కార్మిక శాఖ.

ప్రతి కాల్షీట్‌కు కూలితో పాటు నిర్ణీత శాతాన్ని కార్మికుడి పింఛను ఖాతాలో నిర్మాత జమచేయాలి. ఎన్‌పీఎస్‌లో ఇచ్చే ప్రాన్ అనే పన్నెండంకెల నంబరు మనిషితోనే ఉంటుంది, నిర్మాత మారినా అది మారదు. ఏడాదికి వెయ్యి రూపాయలు పడితే ఖాతా నడుస్తుంది కాబట్టి పనిలేని నెలలు అడ్డుకావు. ఎంచుకోవడం తెలియనివారి డబ్బు వయసును బట్టి మారే పద్ధతిలోకే వెళ్లాలి. దాన్ని మరోచోటికి మళ్లించే అధికారం యూనియన్ పెద్దలకు గానీ, నిర్మాతకు గానీ ఉండకూడదు.

బడ్జెట్ పెరుగుతుందని నిర్మాతలు అంటారు. హీరోల పారితోషికాలు బడ్జెట్‌ను మింగేస్తున్నాయని వాపోయేదీ వారే. దాని పక్కన రోజు కూలిలో కొన్ని శాతం ఎంత? కార్మికుల అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ఏళ్ల తరబడి తాళం పడే డబ్బు రేపు ఇంట్లో జబ్బు చేస్తే పనికొస్తుందా? మధ్యలో తీసుకునే వీలున్నా సొంత చందాలో 25 శాతం వరకే, అదీ కొన్ని అవసరాలకే. అందుకే రెండు మూడు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా పెట్టుకున్నాకే కార్మికుడు తన చేతి సొమ్ము వేయాలి. నిర్మాత వాటా మాత్రం మొదటి కాల్షీట్ నుంచే పడాలి. ప్రస్తుత ఒప్పందం మూడేళ్లది. అంతదాకా ఆగకుండా పెద్ద బ్యానర్లు తమ తర్వాతి సినిమాతోనే దీన్ని మొదలుపెట్టొచ్చు. దానికి సమ్మె అక్కర్లేదు, ఎవరి మధ్యవర్తిత్వమూ అక్కర్లేదు.