నీరు దిగితే వరద పోయినట్టేనా?

2020 అక్టోబరు 13న బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపంలో తీరం దాటింది. మరునాటి ఉదయానికి బేగంపేటలో 24 గంటల వర్షపాతం 19 సెంటీమీటర్లు దాటి, 1903 నాటి అక్టోబరు రికార్డు చెరిగిపోయింది. సరూర్‌నగర్ చెరువు పొంగి పొర్లింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పల్లపు కాలనీలలో మనుషులను పడవలపై తరలించవలసి వచ్చింది.

ఇళ్ళలోకి వచ్చిన ఆ నీటిని అందరూ వాననీరు అన్నారు. మొదటి తప్పు అదే. మ్యాన్‌హోళ్ళు ఎగదన్నగా వచ్చిన మురుగు అందులో ఉంది. ఎలుకల మూత్రం ఉంది. అది మన ఇంటి ముంగిట నేలలోని సంపులోకి దిగింది, మోటారు దానినే మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించింది. గదులు కడిగి, సంపును మరచిన ఇల్లు శుభ్రమైనట్టు కాదు.

రెండవ తప్పు ఇంకా పెద్దది. నీరు దిగిన నాడే ఆపద గడిచిందని ప్రభుత్వమూ, పత్రికలూ, మనమూ అనుకోవడం. వైద్యుని లెక్క ఆనాడే మొదలవుతుంది. కలరా అయిదు రోజులలోపే బయటపడుతుంది. ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ సాధారణంగా ఒకటి రెండు వారాలలో, టైఫాయిడ్ ఒకటి నుంచి మూడు వారాలలో తలెత్తుతాయి. నిలిచిన నీటిలో పది రోజులకు డెంగీ దోమ తయారవుతుంది. హెపటైటిస్ ఎ, ఇ వైరసుల కామెర్లకు రెండు నెలలు కూడా పట్టవచ్చు. అంటే అక్టోబరు 14న నోట పడిన వైరసు డిసెంబరులో కన్ను పచ్చబరచవచ్చు. అప్పటికి సహాయ శిబిరాలు ఎత్తివేస్తారు. ఆ ఏడాది డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలు సైతం ముగిశాయి. ఆ కామెర్లను వరద ఖాతాలో రాసేవారెవరు?

నాడు ప్రభుత్వం బాధిత కుటుంబానికి పదివేల రూపాయలు ప్రకటించింది. తడిసిన బియ్యానికి, పాడైన పరుపుకు అది అవసరమే, కాదనను. కాని జబ్బును డబ్బుతో ముందుగా ఆపలేము. ఎవరి ఆరోగ్యం వారే చూసుకోవాలనే వాదన కూడా చెల్లదు. కుళాయి నీటిలో క్లోరిను పాళ్ళు ఎంతో గృహస్థుడు ఎలా కొలవగలడు? మామూలు రోజులలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వైరసుల భయమున్నప్పుడు కనీసం 0.5 ఉండాలని భారతీయ ప్రమాణమే చెబుతోంది. ఆ కొలతను ప్రతి మునిగిన వీధిలో రోజూ తీసి, అక్కడే బోర్డు మీద రాయాలి. జ్వరాలు, కామెర్ల లెక్కను ఎనిమిది వారాలు ఇంటింటా సేకరించాలి. ఇది దయ కాదు, విధి.

మీ వంతు కూడా ఉన్నది. సంపును పూర్తిగా తోడించి, తోమించి, బ్లీచింగ్ పొడి నీటితో కడిగించండి. ఆ తరువాతనే ట్యాంకు. తాగే నీటిని మరిగించండి. జ్వరంతోపాటు కళ్ళు ఎర్రబడినా, పిక్కలు పీకినా సొంత మందులు మాని వెంటనే వైద్యుని చూడండి. కామెర్లకు పసరు మందు పోయించవద్దు; గర్భిణికి హెపటైటిస్ ఇ ప్రాణాపాయం కావచ్చు.

వరదనీటిలో కాలు పెట్టిన తేదీని గోడ క్యాలెండరుపై రాసుకోండి. అక్కడి నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టండి. వైద్యునికి ఆ తేదీ చెప్పండి. కాలనీ సమావేశానికి ప్రజాప్రతినిధి వచ్చినప్పుడు ఆయనకూ చూపించి అడగండి: మా వరద ఇంకా ముగియలేదు, మీదెప్పుడు ముగిసింది?