'బై' తెచ్చిన తంటా

పోయినేడాది ఒక చిన్న మెయిల్ రాసిన పాపానికి శనివారం రాత్రంతా జాగారం చేశాను. నాతోపాటు ఇంకో ముగ్గురు చేశారు. తప్పు కోడ్‌లో ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు, అది మనకి అలవాటే. తప్పు 'బై' అనే చిట్టి మాటలో ఉంది.

జరిగింది ఇదీ. ఒక అప్లికేషన్ కొత్త వెర్షన్ రిలీజ్ చేస్తున్నాం. పాత కాన్ఫిగ్ ఫైల్‌ని తీసేసి దాని చోట కొత్తది పెట్టడానికి నేనొక స్క్రిప్ట్ రాశాను. అది ముందు పాత ఫైల్‌ని చదువుకుని, అందులోని విలువల్ని కొత్త ఫైల్‌లోకి ఎక్కిస్తుంది. అవతలి టీమ్‌కి పంపిన సూచనల్లో "ది ఓల్డ్ కాన్ఫిగ్ ఫైల్ విల్ బి రీప్లేస్డ్ బై ది అప్‌డేట్ స్క్రిప్ట్" అని రాశాను. ఆ పని స్క్రిప్ట్ చూసుకుంటుంది, మీరు చెయ్యి పెట్టొద్దు అని నా ఉద్దేశం. చదివినాయనకి ఇంకోలా అర్థమైంది. ఇకనించీ ఆ ఫైల్ బదులు ఈ స్క్రిప్ట్ ఉంటుంది, ఫైల్‌తో పనిలేదు అనుకున్నాడు. శుభ్రంగా ఫైల్ డిలీట్ చేసి స్క్రిప్ట్ రన్ చేశాడు. చదువుకోడానికి ఫైలే లేక స్క్రిప్ట్ సగంలో చచ్చిపోయింది. మిగతాది మీరు ఊహించుకోగలరు.

ఆయన్ని అనడానికేం లేదు. "రీప్లేస్డ్ బై" అంటే ఇంగ్లీషులో ఆ రెండర్థాలూ వస్తాయి. ఎవరు మార్చారో చెప్పడానికీ బై యే, దాని చోట ఏది వచ్చి కూర్చుందో చెప్పడానికీ బై యే. "రీప్లేస్డ్ విత్" అంటే మాత్రం రెండోదే. స్క్రిప్ట్ ముందు బై, కొత్త ఫైల్ ముందు విత్ పెట్టి రెండూ రాసుంటే గొడవే లేదు. పాసివ్ వాయిస్ వాడకూడదని అందుకే అంటారు అని మా వాడొకడు ఉపదేశించాడు. నిజమే, జార్జ్ ఆర్వెల్ 1946లోనే ఒక వ్యాసంలో ఆ సలహా ఇచ్చాడు, ఒకప్పుడు వర్డ్ కూడా పాసివ్ కనపడితే కింద ఆకుపచ్చ గీత గీసేది. కానీ నా మెయిల్‌లో తప్పు పాసివ్‌ది కాదు. పాసివ్ అంటే బై, బై అంటే పాసివ్ అని నా బుర్రలోకి తొమ్మిదో తరగతిలో దిగిన మేకుది.

మీకూ గుర్తుండే ఉంటుంది, "రామా కిల్డ్ రావణా". రావణుణ్ణి రాముడు చంపింది ఒక్కసారే, మన బళ్ళలో మాత్రం ఏటేటా బై పెట్టి మళ్ళీ చంపుతారు :) మా బళ్ళో ఇంగ్లీషు చెప్పింది లెక్కల మాస్టారు. ఆయన దాన్నీ సూత్రంలాగే చెప్పారు. వెనకున్నది ముందుకి తీసుకురా, మధ్యలో వాజ్ పెట్టు, వెర్బ్‌కి మూడో రూపం వెయ్యి, బై తగిలించు, ముందున్నది వెనక పడెయ్. అర్థంతో పనే లేదు, ఫైండ్ అండ్ రీప్లేస్. ఆ తరవాత బోర్డు మూల ఒక చిన్న జాబితా రాసేవారు: నోన్ టు, సర్‌ప్రైజ్డ్ ఎట్, కంటెయిన్డ్ ఇన్, ఇంటరెస్టెడ్ ఇన్. పైన హెడ్డింగ్ 'ఎక్సెప్షన్స్'. ఎందుకు సార్ అనడిగితే "బట్టీ పట్టండ్రా, మార్కొస్తుంది" అనేవారు. ఆయన మంచివారే, లెక్కల్లో నేనీమాత్రం ఉన్నానంటే ఆయన చలవే.

నా గొడవల్లా ఆ హెడ్డింగ్‌తోనే. అవి ఎక్సెప్షన్లు కావు. వాటికి వేరే లెక్క ఉంది, ఆ లెక్కలో సగం మన తెలుగులోనే ఉంది. తెలుగు మీడియంలో చదివాం కాబట్టి ఇంగ్లీషు రాలేదని ఏడుస్తాం గానీ, ఈ ఒక్క విషయంలో తెలుగుని పక్కన పెట్టి నేర్పడం వల్లే రాలేదని నా అనుమానం.

"ది డోర్ వాజ్ క్లోజ్డ్" అనే వాక్యం తీసుకోండి. దీన్ని తెలుగులోకి మార్చమంటే మీరు ఒక్క క్షణం ఆగుతారు. తలుపు మూశారు అనా? తలుపు మూసి ఉంది అనా? మొదటిది ఒక పని, ఎవరో చేశారు. రెండోది ఒక స్థితి, ఎవరు చేశారన్న ప్రశ్నే లేదు. మనకి రెండూ వేరువేరు మాటలు, ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే వేషం. 2002లో వచ్చిన, పద్దెనిమిది వందల పేజీలు దాటిన కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణంలో హడిల్‌స్టన్, పుల్లమ్ ఈ తేడానే పట్టించుకుని మొదటిది క్రియ, రెండోది విశేషణం అని విడదీశారు. గుర్తుపట్టడానికి చిట్కాలూ ఉన్నాయి. ముందు 'వెరీ' పెడితే అతుకుతుందా, 'వాజ్' తీసేసి 'సీమ్డ్' పెడితే నిలబడుతుందా అని చూడాలి. వెరీ వరీడ్ అంటాం, వెరీ కిల్డ్ అనం. బై అనేది పని చేసినవాణ్ణి చూపించడానికి. స్థితికి చేసినవాడితో పనిలేదు కాబట్టి అక్కడ విత్, ఇన్, టు లాంటివి వచ్చి కూర్చుంటాయి.

మనకి ఆ చిట్కాలు కూడా అక్కర్లేదు. వాక్యం తెలుగులో అనుకుని చూడండి. చివర 'ఉంది', 'ఉన్నాడు' సహజంగా పడితే అది స్థితి, బై జోలికి పోకుండా తెలుగులో ఏ విభక్తి వచ్చిందో చూడండి. బిందె నీళ్ళతో నిండి ఉంది, ఫిల్డ్ విత్. వాడు పనిలో మునిగి ఉన్నాడు, ఎబ్సార్బ్డ్ ఇన్. గేదె గుంజకి కట్టేసి ఉంది, టైడ్ టు. అదే గేదెని నాన్న కట్టేశాడు అంటే అప్పుడు బై కి పనొస్తుంది. రెండూ ఒకేసారి చెప్పాలంటే గుంజ ముందు టు, నాన్న ముందు బై. నా మెయిల్‌లో లోపించింది సరిగ్గా ఇదే.

ఆ జాబితాలో మొదటిదైన 'నోన్ టు' నే చూడండి. నాకు తెలుసు అంటాం గానీ నాచేత తెలియబడింది అని ఏ తెలుగువాడూ అనడు. ఆ 'కు' యే అక్కడి టు. బట్టీ పట్టాల్సిన అవసరం ఏముంది? పైగా నోన్ కి టు తప్ప ఇంకేదీ రాదని చెప్పిన మాస్టారే, మనిషి ఎలాంటివాడో వాడి స్నేహాల్ని బట్టి తెలుస్తుందన్న సామెత చెప్పి వల్లె వేయించారు. అందులో 'ఈజ్ నోన్ బై' అని ఉంటుంది! ఆ బై చేసినవాణ్ణి చూపించేది కాదు, మన 'బట్టి'. విశాఖపట్నం వైజాగ్‌గా కూడా తెలుసు అన్నప్పుడు 'గా' వచ్చింది, నోన్ ఏజ్. 'సర్‌ప్రైజ్డ్ ఎట్' మరీ అన్యాయం, ఎందుకంటే 'సర్‌ప్రైజ్డ్ బై' కూడా మంచి ఇంగ్లీషే, రోజూ రాస్తారు. దానికి మార్కు కోసేసిన పేపర్లన్నీ మళ్ళీ దిద్దించాలి.

అయితే ఈ పద్ధతి అన్ని చోట్లా పనిచేస్తుందని చెప్తే అబద్ధం. ఆవిడకి ఫలానా ఆయనతో పెళ్ళయింది అంటాం, అందుకే మనవాళ్ళు సగంమంది 'మ్యారీడ్ విత్' అంటారు. ఇంగ్లీషులో మ్యారీడ్ టు. (పిల్లని ఫలానా వాళ్ళకి ఇచ్చి చేశాం అనే మాట గుర్తుపెట్టుకుంటే ఇదీ దారికొస్తుంది, అది వేరే సంగతి.) బంగారంతో చేసిన గాజుకి మేడ్ ఆఫ్ అనాలి, తో ని నమ్ముకుంటే మునుగుతాం. ఆత్రేయపురం పూతరేకులకి పేరు అంటాం, అక్కడ 'కి' ఉంది కదా అని టు పెడితే కుదరదు, నోన్ ఫర్. ఇలాంటివి ఓ పాతికో ముప్పయ్యో ఉంటాయేమో. అవి బట్టీ పట్టడానికి నాకేం అభ్యంతరం లేదు, బట్టీ పట్టాల్సినవి అవీ.

ఇదంతా ఇంతగా పట్టించుకోడానికి నా శనివారం ఒక్కటే కారణం కాదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు, పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియం. పని బాగా చేస్తాడు. ఒకరోజు అమెరికా వాళ్ళతో కాల్‌లో "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ బై హిమ్" అన్నాడు. అవతలివాళ్ళకి అర్థమైంది, ముందుకెళ్ళిపోయారు. మనవాళ్ళలోనే ఒక పెద్దమనిషి మధ్యలో ఆపి, అందరిముందూ సరిదిద్ది నవ్వాడు. ఆ నవ్వినాయన మెయిళ్ళలో 'డిస్కస్ ఎబౌట్' లేని పేరా ఉండదు. కుర్రాడు ఆ తరవాత మూడు వారాలు కాల్స్‌లో నోరెత్తలేదు. తనే పట్టుకున్న బగ్ గురించి అడిగినా చాట్‌లో టైప్ చేసేవాడు.

వాడు చేసిన తప్పుకి లాజిక్ ఉంది. నాకు చెప్పారు, నాకు వివరించారు, మనకి రెండూ ఒకటే అచ్చు. 'ఐ వాజ్ టోల్డ్' అన్నప్పుడు 'ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్' ఎందుకనకూడదు? ఎందుకంటే ఇంగ్లీషులో 'టోల్డ్ మి' అంటారు గానీ 'ఎక్స్‌ప్లెయిన్డ్ మి' అనరు, మధ్యలో టు కావాలి. ఎక్స్‌ప్లెయిన్‌తో టు లేకుండా నిలబడలేనివాడు పాసివ్‌లో ముందుకొచ్చి కూర్చోలేడు. దానికి 'ఇట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి' అనాలి. దీని అన్నలాంటిది ఇంకోటి ఉంది. అందరూ వాణ్ణి చూసి నవ్వారు అనడానికి 'లాఫ్డ్ ఎట్ హిమ్'. పాసివ్ చేసేటప్పుడు మనం ఎట్ ని మింగేసి 'లాఫ్డ్ బై' అంటాం. నిజానికి 'హి వాజ్ లాఫ్డ్ ఎట్ బై ఎవ్రీబడీ', రెండూ పక్కపక్కనే ఉండాలి. సూత్రం ప్రకారం బై ఒక్కటే కదా తగిలించేది, రెండోది కనపడగానే తప్పేమో అని తీసేస్తాం. తీసేస్తే అసలు అర్థమే పోతుంది.

ఇదంతా వాడికి ఒకరోజు టీ తాగుతూ చెప్పాను. గేదె, గుంజ దగ్గర నవ్వాడు. తరవాత మనవాళ్ళు తెలుగులోకి మార్చిన వెబ్‌సైట్లలో "మీ అభ్యర్థన స్వీకరించబడినది" అని ఉంటుంది కదా అన్నా, అది కూడా ఈ లెక్కల మాస్టారి పనేనా అనడిగాడు. అవునన్నాను. ఇంగ్లీషు పాసివ్ కనపడగానే 'బడు' తగిలించడమేగా, మీ దరఖాస్తు అందింది అంటే సరిపోయేదానికి.

నా స్క్రిప్ట్ సూచనలు ఇప్పుడు వాడే రాస్తున్నాడు. మొన్నటి దాంట్లో "డు నాట్ డిలీట్ ది ఓల్డ్ ఫైల్. ది స్క్రిప్ట్ రీడ్స్ ఇట్" అని మొదటి లైన్లోనే పెట్టాడు. బై ఎక్కడా లేదు. పంపేముందు నాకు చూపించి, 'కంపేర్డ్ టు' నా, 'కంపేర్డ్ విత్' ఆ అనడిగాడు. ఇక్కడ రెండూ సరే అన్నాను. "మరి పరీక్షలో ఏది రాయాలన్నా?" అన్నాడు.